నవ్వితే తాడు గుంజే మనిషి

పాశమైలారంలోని మా ఫ్యాక్టరీకి ఏడాదికోసారైనా ఎవడో ఒకడు మనుషుల మనసులు బాగుచేస్తానని వస్తాడు. ఒకడు నిప్పుల మీద నడిపించాడు. ఇంకొకడు అందరి చేతా కళ్ళు మూయించి, ఈ నెల ఉత్పత్తిని బంగారు వెలుగులా ఊహించుకోమన్నాడు. మందుల ముడిసరుకు తయారయ్యే చోటు మాది. పొద్దున ఇస్త్రీ చేసి వేసుకున్న చొక్కా మధ్యాహ్నానికల్లా కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఇక్కడ బంగారు వెలుగేమిటో నా బుర్రకు ఎన్నడూ ఎక్కలేదు. అయినా కుర్చీలు వేయించింది నేనే, హాజరు పట్టీ పట్టుకుని తిరిగింది నేనే. హెచ్.ఆర్. ఆఫీసులో అసిస్టెంటు బతుకు అంతే. పోయినేడు మధుబాబు అనేవాడు గొలుసుకు కట్టిన ఇత్తడి గుండుతో దిగినప్పుడు కూడా ఇదీ నాలుగు రోజుల తమాషానే అనుకున్నాను. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే అసహ్యం వేస్తుంది. వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న నన్ను తలుచుకుంటే ఇంకా ఎక్కువ వేస్తుంది.

కానీ చెప్పవలసింది శ్రీశైలం గురించి.

శ్రీశైలం చిట్కుల్ మనిషి. తండ్రి ఇతరుల పొలాల్లో కూలికి పోయేవాడు. ఆ పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు కిరాయి గదులయ్యాక ఆ ఇంట్లో అందరూ ఫ్యాక్టరీ దారి పట్టారు. శ్రీశైలానికి యాభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని, ఇలాంటి గేట్లే. కాంట్రాక్టర్లు మారారు, హెల్మెట్ రంగులు మారాయి, ఆయన మాత్రం పర్మనెంట్ కాలేదు. సన్నగా, పొడుగ్గా, ముఖంలో ఏ భావమూ లేకుండా ఉంటాడు. చేతులు మాత్రం ఆ ఒంటికి అమరనంత పెద్దవి. భార్య ఆగమ్మ మా క్యాంటీన్‌లోనే గిన్నెలు కడుగుతుంది.

ఆయన పని తాడు పట్టుకోవడం. మా దగ్గర గదంత గదంత ఉక్కు పాత్రలుంటాయి. రియాక్టర్లంటారు. ఒక మందు వండడం అయ్యాక లోపల అడుగున మడ్డి పేరుకుంటుంది. దాన్ని గీకడానికి మనిషి పైనున్న మ్యాన్‌హోల్ గుండా దిగాలి. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, ఆ తాడు మూడు కాళ్ళ స్టాండు మీది గిలక గుండా వచ్చి పైనున్న మనిషి చేతిలో ఉంటుంది. లోపలివాడికి ఏమైనా అయితే పైవాడు లాగేయాలి. రోజంతా ఒక రంధ్రం పక్కన నిలబడి తాడు పట్టుకోవడం చూసేవాళ్ళకు ఉత్త పనిలా కనిపిస్తుంది. మా మేనేజరు రామలింగేశ్వరరావు గారికి అలాగే కనిపించేది.

ఐదు నిమిషాలకోసారి పిలవాలి, లోపలివాడు ఒకసారి తాడు కదిలించి జవాబివ్వాలి, అంతే కంపెనీ నియమం. శ్రీశైలానికి దాని పైన సొంత నియమం ఒకటుంది. లోపల ఉన్న మనిషి నవ్వితే గుంజేస్తాడు. కారణం అడగడు, రెండో నవ్వు దాకా ఆగడు. ఆయన మ్యాన్‌హోల్ దగ్గర ఉంటే పైన ఎవరూ జోకులు వేయకూడదు, ఫోనులో పాటలు పెట్టకూడదు. లోపలికి దిగే ప్రతివాడికీ ముందే చెప్పేవాడు, నవ్వొస్తే పైకొచ్చి నవ్వుకొమ్మని.

ఎందుకని నేనొకసారి అడిగాను. ఆయన మామూలుగా మాట్లాడే మనిషి కాదు, కానీ దీనికి జవాబు చెప్పాడు.

"ముందుగాల నవ్వే వస్తది సార్. దగ్గు రాదు, నొప్పి రాదు. లోపటి గాలి తలకెక్కితె మనిషికి మంచిగ అనిపిస్తది. గట్ల మంచిగ అనిపించిందంటె ఇగ టైం లేదన్నట్టు."

దిగే ముందు గాలి కొలిచే మీటరు చూస్తారు కదా అంటే, మీటరు మూతి దగ్గర చూస్తారని, మడ్డి గీకితే లేచే గాలి అడుగునే ఉంటుందని చెప్పాడు. ఆ ముక్క మా సేఫ్టీ ఫైలులో ఎక్కడో పదో పేజీలో కూడా ఉంది. ఎవరూ చదవలేదు, అంతే.

ఆయన దాన్ని ఫైలులో నేర్చుకోలేదు. పదకొండేళ్ళ కిందట, వేరే ఫ్యాక్టరీలో, ఆగమ్మ తమ్ముడు యాదన్న రియాక్టర్‌లోకి దిగాడు. పైన తాడు పట్టుకున్నది శ్రీశైలం. బావా బామ్మర్దులు పొద్దస్తమానం పరాచికాలాడుకునే వాళ్ళు. యాదన్న లోపల మడ్డి గీకుతూ నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకో తెలియకపోయినా పైన శ్రీశైలం కూడా నవ్వాడు. ఇద్దరూ కలిసి బాగా నవ్వుకున్నారు. తర్వాత లోపల నవ్వు ఆగింది. పనిలో పడ్డాడనుకుని ఈయన రెండు నిమిషాలు ఊరుకున్నాడు. ఆ రెండు నిమిషాల తర్వాత లాగిన మనిషి మళ్ళీ మాట్లాడలేదు. అప్పటి నుంచి శ్రీశైలం నవ్వగా చూసినవాళ్ళు లేరు.

పోయినేడు వేసవిలో రెండు నెలల్లో నాలుగుసార్లు గుంజాడు. ముగ్గురు బాగానే ఉన్నారు, పైకొచ్చి తిట్టారు. నాలుగో అతను పైకొచ్చి వాంతి చేసుకుంటే, క్యాంటీన్ కూర పడలేదని రాశారు. ప్రతిసారీ లోపల గాలి మళ్ళీ మార్చాలి, పర్మిట్ మళ్ళీ రాయాలి, సగం షిఫ్టు పోతుంది. నవ్వినందుకు పని ఆపే పిచ్చివాణ్ణి తానెక్కడా చూడలేదని రామలింగేశ్వరరావు గారు మీటింగులో అన్నారు. అందరూ నవ్వారు. సరిగ్గా ఆ వారమే మధుబాబు కంపెనీకి పరిచయమయ్యాడు.

తెల్ల కుర్తా, మెడలో పూసలు, ఒంటి నిండా చందనం అత్తరు. మనిషి ఎదగకుండా లోపల దాక్కున్న నమ్మకాలు అడ్డుపడతాయట. ఆ నమ్మకాలేమిటో మనకు తెలియదు గానీ, లోపలి మనసుకు తెలుసట. చేతిలో గుండు వేలాడదీసి అడిగితే అది జవాబు చెబుతుందట. గుండ్రంగా తిరిగితే అవును, ముందుకూ వెనక్కూ ఊగితే కాదు. విసనకర్ర ఆకారంలో ఒక అట్ట ఉంది వాడి దగ్గర, దాని మీద శాతాలు, వయసులు, భయాల పేర్లు. నమ్మకం దొరికాక గుండును ఎడమవైపు తిప్పి వదిలించడం, దాని బదులు కొత్త నమ్మకం ఎక్కించడం. ఇదీ వాడి విద్య. మాటకు ముందు 'గారు', మాటకు వెనక చిరునవ్వు.

పనికి అడ్డుపడే నమ్మకాలున్న పన్నెండు మంది జాబితా కావాలన్నాడు. వాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాసిస్తే శక్తి తొందరగా కుదురుతుందన్నాడు. శక్తి కుదరడానికి కాగితం ఎందుకని నేను అడగలేదు. రామలింగేశ్వరరావు గారు మొదటి పేరు శ్రీశైలం అన్నారు. నేను ఆఫీసులో కూర్చుని టైపు చేశాను: శ్రీశైలం, యాభై మూడు. పదకొండేళ్ళ కిందట బామ్మర్ది యాదన్న ట్యాంకులో మరణం, ఇద్దరూ నవ్వుకుంటూ ఉండగా. ఇప్పుడు నవ్వు వింటే పని ఆపుతాడు. బీరంగూడ బస్సు ఎక్కే తొందరలో ప్రింటు తీసి వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాను.

మర్నాడు శిక్షణ గదిలో ఏసీ వేసి, బూట్లు విప్పించి, పన్నెండు మందినీ వరసగా కూర్చోబెట్టారు. శ్రీశైలం బొటనవేలు, చూపుడు వేలు మధ్య గొలుసు పట్టుకున్నాడు. అంత పెద్ద చేతిలో ఆ గుండు రేగుపండంత ఉంది. ముందు పేరు శ్రీశైలమేనా అని అడిగించారు, గుండు గుండ్రంగా తిరిగింది. ఊరు అడిగించారు, తిరిగింది. తర్వాత మధుబాబు గొంతు తగ్గించి, ఆనందం ప్రమాదకరం అనే నమ్మకం మీలో ఉందేమో అడగండి అన్నాడు. తిరిగింది. ఎంత శాతం అంటే తొంభై రెండు దగ్గర ఊగింది. ఏ వయసులో వచ్చిందంటే నలభై రెండు దగ్గర. గదిలో అందరూ ఆహా అన్నారు. గుండుకు తెలిసిన ప్రతి ముక్కా నేను టైపు చేసి ఇచ్చిందే. వాడు కాక అది తెలిసిన ఒకే ఒక్కణ్ణి నేను అక్కడే, వాడి పక్కనే, నీళ్ళ సీసా మూత తీసి అందిస్తూ కూర్చున్నాను.

శ్రీశైలం మాత్రం ఆహా అనలేదు. కాసేపు గుండును చూసి, నెమ్మదిగా అన్నాడు.

"సార్, తాడు కొసకు మనిషి ఉంటె తాడును మనిషి ఊపుతడు. నా చేతికి ఎరుకైతది. దీని కొసకు ఇత్తడి ముక్క ఉన్నది. ఊపెటోడు నేనే గద."

ముప్పై ఏళ్ళు తాడు పట్టుకున్న చేయి అది. ఆ గదిలో ఆ విషయం మాట్లాడే అర్హత ఉన్నవాడు ఆయనొక్కడే. మధుబాబు తడబడలేదు. తిప్పేది మీరే శ్రీశైలం గారూ, కానీ మీకు తెలియని మీరు అన్నాడు. ఇలాంటి జవాబులు వాళ్ళ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. శ్రీశైలం గొలుసు బల్ల మీద పెట్టబోయాడు. అప్పుడు వాడు ముందుకు వంగి ఇంకొక ప్రశ్న వేశాడు.

"ఒక్కటి అడిగి చూడండి. యాదన్న మిమ్మల్ని క్షమించారా?"

ఆ పేరు ఆ నోట్లో విని శ్రీశైలం తలెత్తాడు. వీడికెలా తెలుసు అని ఆయన ముఖంలో స్పష్టంగా కనిపించింది. కాగితం సంగతి ఆయనకు తెలియదు. గుండే చెప్పి ఉంటుందనుకున్నాడు. గొలుసు మళ్ళీ ఎత్తాడు. చాలాసేపు అది కదలలేదు. తర్వాత సన్నగా, తర్వాత వెడల్పుగా, గుండ్రంగా తిరిగింది. శ్రీశైలం ఏడ్చాడు. పదిమంది ముందు, చొక్కా చేతితో ముఖం తుడుచుకోకుండా, గుండు తిరిగినంతసేపూ ఏడ్చాడు.

అక్కడితో ఆపినా వాణ్ణి మనిషనేవాణ్ణి. ఆపలేదు. నమ్మకం వదిలిపోయిందని రుజువు కావాలి కాబట్టి మూడు నిమిషాలు నవ్వమన్నాడు. ఫోనులో టైమర్ పెట్టాడు. శ్రీశైలం తడి ముఖంతోనే హ హ అని మొదలుపెట్టాడు. పదకొండేళ్ళుగా వాడని గొంతు అది, రేకు మీద మేకుతో గీసినట్టుంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడులో నా రెండు చేతులూ ఉన్నాయి.

తర్వాత ఇరవై ఒక్క రోజుల సాధన. అందుకని తలా ఒక గుండు చేతికిచ్చి పంపాడు. రోజూ షిఫ్టుకు ముందు గుండు పట్టుకుని, నవ్వు మంచిదేనా, నవ్వినా ప్రమాదం లేనట్టేనా అని అడగాలి. అవును అనిపించుకున్నాక పనికి పోవాలి. టిక్కులు పెట్టే కాగితం నా దగ్గర. ఈలోగా ఉత్తపుణ్యానికి ఇంకొకసారి పని ఆపితే గేట్ పాస్ తీసుకుని ఇంటికి పంపేస్తామని రామలింగేశ్వరరావు గారు నా చేతే చెప్పించారు. చెప్పాను. ఎందుకొచ్చిన గొడవన్నా, అవును అని తిప్పేసెయ్, ఇరవై ఒక్క రోజులే కదా అని సలహా కూడా ఇచ్చాను. ఆయన సరే అన్నట్టు తల ఆడించాడు.

నేను అనుకున్నది, ఆయన నా కోసం, కాగితం కోసం తిప్పుతున్నాడని. వారం తర్వాత క్యాంటీన్ వెనక ఆగమ్మ నన్ను ఆపింది. చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది.

"పదకొండేండ్ల సంది మా తమ్ముని పేరు ఇంట్ల తియ్యలే గా మనిషి. ఇప్పుడు అన్నం ముంగట పెట్టుకొని గా గొలుసు పట్టుకుంటడు, వాన్ని అడుగుతడు. రోజు అడుగుతడు సారూ. మీరేం నేర్పిన్రు ఆయనకు?"

మనసు తేలికవుతుందిలే అమ్మా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, గిన్నెల దగ్గరికి పోయింది. నేను ఆ రోజు టిక్కు పెట్టి బస్సెక్కాను.

పందొమ్మిదో రోజు. పొద్దున పదిన్నర. మూడో నంబరు రియాక్టర్ కడగాలి. దిగింది ధనంజయ్, ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాడు, ముప్పై ఏళ్ళుంటాయి, బలమైన మనిషి. మీటరు బాగానే చూపించింది. మధుబాబు తన ప్రచార కాగితాల కోసం, పనిలో ఉన్న శ్రీశైలం ఫోటో అడిగాడు. అందుకని నేను పైకి ఎక్కాను. శ్రీశైలం మామూలుగానే తాడు రెండు చేతుల్లో పట్టుకుని, చెవి రంధ్రం వైపు వంచి నిలబడ్డాడు. నేను కొంచెం ఇటు తిరగమన్నాను, తిరగలేదు.

లోపల ధనంజయ్ నవ్వాడు.

చిన్న నవ్వు. ఏదో గుర్తొచ్చి నవ్వుకున్నట్టు. శ్రీశైలం మోచేతులు బిగుసుకున్నాయి. తాడు బిగిసింది. అప్పుడు ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు మంచి ఫోటో అనిపించింది నాకు. ఫోను ఎత్తి తీశాను. చిరునవ్వు నవ్వి, ఏం పర్లేదన్నట్టు తల ఊపాను.

ఆయన మోచేతులు సడలాయి. రెండో నవ్వు వచ్చింది, మొదటి దాని కంటే పెద్దది. శ్రీశైలం పెదవులు కదిలాయి, తనలో తాను ఏదో అడుగుతున్నట్టు. మూడో నవ్వు సగంలో ఉండగా ఆయన నోటి నుంచి ఒక అరుపు వచ్చింది, మాట కాదు. తాడు గుంజాడు. నేను ఫోను పడేసి పట్టుకున్నాను, ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. ధనంజయ్ పైకొచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. ఆ పెదవుల మీద నవ్వు ఇంకా ఉంది.

బతికాడు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కుడిచేయి వణుకు ఆగలేదు. ఏదడిగినా జవాబు ఆలస్యంగా వస్తుంది, ఊరి పేరు అడిగినా కూడా. తమ్ముడొచ్చి రైలెక్కించి తీసుకుపోయాడు. స్టేషనులో వాళ్ళకు నీళ్ళ సీసాలు కొనిచ్చింది కూడా నేనే. అంతకు మించి నేను చేసిందేమీ లేదు.

ఇక్కడి నుంచి చెప్పడానికే రోత పుడుతుంది. మూడు రోజులు తిరక్కుండానే నేను తీసి పంపిన ఆ ఫోటో ఫోనులో మధుబాబు పేజీ మీదికి వచ్చింది. పాత నమ్మకం వదిలించుకుని, ప్రశాంతమైన మనసుతో తోటి కార్మికుడి ప్రాణం కాపాడిన శ్రీశైలం గారు అని కింద రాశాడు. రామలింగేశ్వరరావు గారికి ఆ మాట బాగా నచ్చింది. కంపెనీ తప్పు వెతికే వాళ్ళకు చూపించడానికి ఒక కథ దొరికింది. శిక్షణ గదిలో సన్మానం పెట్టారు. పూలదండ, శాలువా, కేకు. మధుబాబు మైకు పట్టుకుని, ఇప్పుడు మన శ్రీశైలం గారికి నవ్వంటే భయం లేదు అన్నాడు. అందరూ నవ్వారు. శాలువా కింద శ్రీశైలం పిడికిళ్ళు రెండూ బిగుసుకోవడం, మోచేతులు వెనక్కి పోవడం నాకు కనిపించాయి. కూర్చున్న కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. దండ బరువుకు సర్దుకుంటున్నాడనుకున్నారు మిగతావాళ్ళు.

సన్మానం అయ్యాక సైకిల్ స్టాండు దగ్గర కనిపించాడు. శాలువాను చక్కగా మడతపెట్టి సైకిల్ క్యారియర్‌కు కడుతున్నాడు. ఇక తాడు పట్టుకోనని, యార్డు ఊడ్చే పని ఇమ్మని కాంట్రాక్టరుకు చెప్పుకున్నాడట. గుండు చెప్పిన యాదన్న సంగతంతా నేను కాగితం మీద రాసిచ్చిందేనని చెప్పాను. ఆ రోజు తల ఊపింది తప్పని చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"కాయితం సంగతి తెల్వదు గని, మొదటి నవ్వుకే గుంజాలె సార్. చెయ్యి లేశింది. నేనే ఆపుకున్న. యాదిగాడు నన్ను మాఫ్ చేసిండని గా గుండు చెప్పింది. గా ఒక్క మాట నాకు కావాలె. గా మాట నిజమైతె మిగిలింది గూడ నిజం గావాలె గద. నవ్వితె ఏం గాదు అన్నది గూడ."

ఆయన జేబులోంచి గొలుసు తీశాడు. ఇత్తడి మెరుపు పోయి వేళ్ళ చెమటకు నల్లబడింది.

"నిన్న మళ్ళ అడిగిన. ధనంజయ్ నన్ను మాఫ్ చేసిండా అని. మంచిగ తిరిగింది సార్, అవును అన్నది. నేనే తిప్పుతున్ననని నా వేళ్ళకు ఎరుకైతనే ఉన్నది." గొలుసును వేళ్ళకు చుట్టుకున్నాడు. "యాదిగాన్ని అడిగిననాడు గూడ గిట్లనే ఎరుకైంది. ఎరుకై గూడ ఊకున్న."

గొలుసును నా అరచేతిలో పెట్టి, తన పెద్ద చేతితో నా వేళ్ళు మూశాడు. తర్వాత స్టాండు గోడకు ఆనించిన పొడుగు చీపురు తీసుకుని యార్డు వైపు నడిచాడు.